వెండి కళ్ళు

వీరబ్రహ్మం భార్యను సన్యాసి దేవుడు తీసుకుపోయాడు. ఇందులో వాదించడానికేమీ లేదు. జ్వరంతో పోయిందని వైద్యుడన్నాడు. పుణ్యాత్మురాలు, పసుపు కుంకాలతో పోయిందని ఊళ్ళో ఆడవాళ్ళన్నారు. అనుకోనీ. పోయింది అతని పెళ్ళాం, తెలిసింది అతనికి. ఆ సంగతి ఇన్నేళ్ళుగా ఎవరి దగ్గరా ఎత్తలేదు, ఎత్తవలసిన అవసరమూ రాలేదు, ఇదిగో రాజమండ్రిలో కూతురి అత్తవారింటి అరుగు మీద కూర్చున్న ఈ ఆదివారం మధ్యాహ్నం దాకా.

కూతురు మాణిక్యం పెరట్లో కూర్చుని ఉంది. ఊరికే కూర్చుని ఉంది. దానికోసమే వియ్యపురాలు అప్పాయమ్మ కబురు పెట్టింది, దానికోసమే కంసాలి పని పక్కన పెట్టి, కుంపటి ఆర్పి, కాలవ పడవెక్కి ఇంత దూరం వచ్చాడు. వచ్చి కాళ్ళు కడుక్కున్నాడో లేదో అప్పాయమ్మ గడపలో నిలబడి మొదలెట్టింది.

"చూశారుగా అన్నయ్యగారూ. పిలిస్తే పలకదు. భోజనాలవగానే అంట్లు బోర్లించి పోయి ఆ నూతి చప్టా మీద కూర్చుంటుంది. ఉయ్యాల్లో పిల్లాడు ఏడిస్తే నేను ఊపాలి. నా నడుము సంగతి ఎవరికి కావాలండీ?"

"ఏడుస్తుందా?"

"ఏడిస్తే పోన్లే అనుకుందును. ఏడవదు, నవ్వదు. ఓ కుండెడు అన్నం ఉడికేంతసేపు అలా ఉండి, ఏమీ ఎరగనట్టు లేచొచ్చి బియ్యం ఏరుకుంటుంది. నాకు అదేనండీ భయం. వాళ్ళమ్మకీ ఉండేదటగా ఈ జబ్బు? మీ వైపు పడవవాళ్ళు చెప్పుకుంటుంటే విన్నాం. అప్పుడు మీరేం చేశారు?"

వీరబ్రహ్మం తమలపాకు ఈనె తీశాడు. కాస్త ఆగండి అన్నాడు. ఆగడానికి వేళ లేదంది అప్పాయమ్మ. కోరుకొండ నుంచి భీమరాజు వస్తున్నాడు, దయ్యాన్ని వదిలించడంలో పేరున్నవాడు, పట్టిన వేళలోనే మనిషిని చూడాలన్నాడట, అంచేత ఏ క్షణాన్నైనా వస్తాడు. చింతబరికె, ఎండుమిరపకాయలు ఆయనే తెచ్చుకుంటాడు. అయితే పుట్టింటివాళ్ళు ఊ అనందే బరికె ఎత్తడట, అది ఆయన నిష్ఠ. "మీరు ఊ అంటే చాలండీ," అని అప్పాయమ్మ లోపలికి పోయింది, ఉయ్యాల గొలుసు కిర్రుమనడం మొదలైంది.

ఊ అనడానికి ఎంతసేపు. గొంతులో ఉండే మాటే అది, పెదవి కూడా కదపనక్కర్లేదు. మనిషి జీవితంలో ఎన్ని ఊ లు అంటాడు, ఎవరు గుర్తు పెట్టుకుంటారు. ఏటి వైపు నుంచి ఇనుము మీద ఇనుము పడుతున్న చప్పుడు వస్తోంది, గోదావరి మీద రైలుకు వంతెన కడుతున్నారు, ఆదివారం కూడా కడుతున్నారు, అంత పెద్ద సుత్తి దెబ్బలు వింటుంటే అతని చేతులకు సిగ్గేసింది. అతని సుత్తి అరచేతిలో ఇమిడేది. దాకలి మీద దాని చప్పుడు పక్కింటికి కూడా వినపడేది కాదు, ఇంట్లోకి మాత్రం వినపడేది, అది ఆగితే సుబ్బాయమ్మ మంచినీళ్ళ చెంబుతో వచ్చేది. అడగనక్కర్లేదు. చప్పుడు ఆగడమే అడగడం. ఊదుగొట్టం కింద పెడితే నీళ్ళు, పటకారు కింద పెడితే తాంబూలం, దగ్గితే మిరియాల కషాయం, అలా జరిగింది సంసారం, ఎవరికీ ఏ లోటూ లేదు. పొద్దున్నే కోడికన్నా ముందు లేచేది, అతను లేచేసరికి ఇల్లంతా అయిపోయి ఉండేది, అది ఎప్పుడు చేసిందో అతను చూడలేదు, చూడవలసిన అవసరం ఏముంది. నోములన్నీ పట్టింది. అన్నిటికీ ఫలం ఒకటే, మొగుడి ఆయుష్షు. అక్షింతలు అతని చేతికిచ్చి నెత్తిన వేయించుకునేది. వంగిన ఆ మెడ మీద చెమట ఉండేది. చెమట గుర్తుంది. ముఖం ఒక్కోసారి గుర్తుకు రాదు.

ఆ పెద్దింట్లమ్మ రాకపోయుంటే. చేపలు పట్టేవాళ్ళ పిల్ల, మొగుడు పల్లంరాజుతో ఓడెక్కి బర్మా దేశపు రంగం పోయింది, అందరూ పోయినట్టే, బియ్యం మిల్లులో కూలికి. మొగుణ్ణి అక్కడే మట్టి చేసి ఒక్కతే తిరిగొచ్చింది. కెంపు పొదిగిన ఉంగరం ఒకటి కరిగించాలని అతని అరుగు కిందికి వచ్చి కూర్చుంది. బంగారం మంచిదే. నోరే మంచిది కాదు. సుబ్బాయమ్మ గడపలోపల కూర్చుని రంగం కబుర్లడిగింది, ఆమె చెప్పింది, అతను కుంపటి ఊదుతూ విన్నాడు.

"మీ పొలంగట్టున మొద్దులా పడేశారే సన్యాసి దేవుణ్ణి, ఆయన అక్కడ ఊరూరా ఉంటాడు తల్లీ. ఒళ్ళంతా బంగారు రేకు అంటిస్తారు."

"ఏం అడుగుతారు ఆయన్ని?"

"అదే చిత్రం. ఏమీ అడగరు. ఆయన ఇవ్వడు కూడా. ఊరికే పోయి కూర్చుంటారు. పున్నానికీ అమాసకీ ఆడాళ్ళు మధ్యాన్నం దాటితే పొయ్యి ముట్టించరమ్మా. మొగుడే చద్దన్నం పెట్టుకు తింటాడు. తిని చచ్చినవాణ్ణి నేనైతే చూళ్ళేదు."

సుబ్బాయమ్మ చీరచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెద్దింట్లమ్మ ఆగలేదు. కాషాయం కట్టిన ముసలాయన ఒకడు అక్కడ చెప్పేవాడట, తెలుగు మేస్త్రీ ఒకతను అర్థం విప్పేవాడట. మగాడికి తెలియని కష్టాలు ఆడదానికి కొన్ని ఉన్నాయని ఈ దేవుడు బతికున్నప్పుడు వేళ్ళు ముడిచి మరీ చెప్పాడట. పసితనంలోనే పుట్టిల్లు వదిలి పోవడం. నెలనెలా మైల. కడుపు మొయ్యడం. కనడం.

"మరి ఆ బొటనవేలో?" అంది సుబ్బాయమ్మ.

"మొగుడికి చాకిరీ."

అప్పుడు నవ్వింది సుబ్బాయమ్మ. పెళ్ళయి కూతురు పుట్టి, ఆ కూతురు గడప దాటి పరుగులు తీస్తున్న నాటికి కూడా అతను వినని నవ్వు అది, గుండెల్లోంచి వచ్చింది, మగవాళ్ళు నవ్వినట్టు. "మగాడయ్యుండీ చెప్పాడా?" అంది. అతని సుత్తి పక్కకు పడింది. రేకు నొక్కు పోయింది. మళ్ళీ కరిగించాల్సి వచ్చింది.

అతను ఊరుకోలేదు, ఊరుకునే మనిషి కాదు. ఆ దేవుడి కథ కూడా పెద్దింట్లమ్మే చెప్పింది కదా, అక్కడి గుళ్ళ గోడల మీద బొమ్మలు వేశారని, పక్కలో పెళ్ళాం, పొత్తిళ్ళలో పిల్లాడు నిద్రపోతుంటే గుమ్మం దాటి పోతున్న రాజుగారి బొమ్మ. ఆ మాటే పట్టుకుని భోజనాల దగ్గర అన్నాడు. "కట్టుకున్నదాన్ని నిద్రలో వదిలేసి పోయినవాడు. సంసార స్త్రీలకు వాడా దేవుడు?" సుబ్బాయమ్మ మారు వడ్డిస్తోంది. గరిటె ఆపకుండానే అంది, "పోనీ లేపలేదు కదండీ, పాపం." అంతే అంది. అది వేళాకోళమో, నిజంగానే అందో అతనికి తెలియలేదు. వీధిబడిలో ఎక్కాలు, పద్యాలు, చేవ్రాలు నేర్చుకున్నాడు గాని ఇలాంటి మాటకు బదులు ఎవరూ నేర్పలేదు. ఇప్పటికీ తెలియదు. అన్నం తినేటప్పుడు, ఇప్పుడు తన వంట తనే వండుకుని పొగకు కళ్ళు తుడుచుకుంటూ తినేటప్పుడు, ఆ మాట కంచం దాకా వస్తుంది. వచ్చి కూర్చుంటుంది.

పున్నమి నాడు వెళ్ళింది. ఊరి బయట పాత ఇటుకల దిబ్బ, ఎవరు కట్టారో ఎప్పుడు కట్టారో, ఊళ్ళో సగం ఇళ్ళు ఆ ఇటుకలతోనే లేచాయి, అతని గోడలూ అవే. ఆ దిబ్బ పక్క పొలంగట్టున ఈ రాయి. కాళ్ళు మడిచి, ఒళ్ళో చేతులు పెట్టుకుని, రెప్పలు వాల్చి. వానలు పడకపోతే మగవాళ్ళు పోయి దాని నెత్తిన బిందెలు కుమ్మరించేవాళ్ళు, తక్కిన రోజుల్లో ఎవరికీ పట్టదు, ముత్తైదువలైతే ఆ వైపే పోరు, సన్యాసి చూపు సంసారానికి మంచిది కాదని. అలాంటి చోటికి వెళ్ళింది, పిల్ల చెయ్యి పట్టుకుని. పిల్ల ఇటుక ముక్కలతో ఆడుకుంటుంటే తను కూర్చుంది. తిరిగి వచ్చింది. ఆ వచ్చినప్పటి ముఖం. అతను నగలకు మెరుగు పెట్టేవాడు, చింతపండు పులుసులో తోమి, కుంకుడు నురగలో కడిగి, మెత్తని గుడ్డతో తుడిస్తే బంగారం లోపలి నుంచి ఒక వెలుగు వస్తుంది, అది చేతిపని, అతనికి తెలుసు. ఈ వెలుగు ఎవడి చేతిపని? ఎవరికోసం ఈ నోము అన్నాడు. ఎవరికోసమూ కాదండి అంది. ఫలం ఏంటన్నాడు. "ఏమీ లేదండి. కూర్చుంటే కాసేపు కాళ్ళనొప్పి తెలీదు." మొగుడి పేరు లేని నోము. అందులో అతను లేడు. ఆయుష్షు తగ్గించమనీ అడగలేదు, పెంచమనీ అడగలేదు, ఆ కాసేపూ అతను ఉన్నాడన్న సంగతే లేదు. కొట్టే మొగుళ్ళుంటారు, తాగే మొగుళ్ళుంటారు, వాళ్ళ పెళ్ళాలు పోయి మొరపెట్టుకున్నా అర్థముంది. అతను చెయ్యెత్తి ఎరగడు. అదే కదా అన్యాయం.

తర్వాత తక్కినవాళ్ళూ మొదలెట్టారు. కరణంగారి కోడలు, చాకలి ఇంటివాళ్ళు, గమళ్ళ పిల్ల, ఎవరి దూరంలో వాళ్ళు, ముట్టుకోకుండా, ఒక్క రాయి వైపే తిరిగి. మాట్లాడుకునేవాళ్ళు కాదు. అంతమంది ఆడవాళ్ళు ఒకచోట చేరి మాట్లాడుకోకుండా ఉన్నారంటే ఏ ఊరి మగవాడికైనా వెన్నులో చలి పుట్టదూ? మగవాళ్ళు పోయి పురోహితుణ్ణి అడిగారు. సంకల్పం చెప్పకుండా పట్టిన నోము గాలిలో పోదని, ఎటూ పోలేక కట్టుకున్నవాడి నెత్తినే పడుతుందని ఆయనన్నాడు. రాయి పగలగొడదామన్నాడొకడు. వానలు కావాలి కదా అన్నాడింకొకడు. పురోహితుడే దారి చూపించాడు, రాయి చుట్టూ తిరిగి, వేలు పెట్టి చూపించి. నెత్తిన కొప్పుముడి ఉంది. చెవితమ్మెలు సాగి ఉన్నాయి, బరువైన కమ్మలు పెట్టుకున్న చెవులు. భుజం మీద పైట ఉంది. ఇన్నాళ్ళూ మనం పొరబడ్డాం నాయనలారా, ఈయన సన్యాసి కాదు, అమ్మవారు. పసుపు రాయండి, కోక కట్టండి, కళ్ళు పెట్టండి, మొగుళ్ళ ఆయుష్షు ఈ తల్లి చూసుకుంటుంది. అందరికీ ప్రాణం లేచొచ్చింది. కళ్ళు పెట్టేది ఎవరు? ఊళ్ళో కంసాలి ఒక్కడే.

వెండిరేకు సాగదీసి, చేప ఆకారంలో కోసి, నడుమ నల్లలక్కతో పాప దిద్దాడు. విప్పారిన కళ్ళు, ఇంత పెద్దవి, ఎక్కడ నిలబడినా మనల్నే చూసేటట్టు. ముక్కుపుడకా చేశాడు. పనిలో వంక లేదు, అతని పనిలో ఎవరూ వంక పెట్టలేదు. అంటించడానికి మాత్రం దగ్గరికి పోవాల్సి వచ్చింది. లక్క కాచి రాయికి పూసి, ఎడమచేత్తో ఆ తల వెనక పట్టుకుని, బొటనవేలు రెప్ప మీద ఆనించాడు. వాలిన రెప్ప. నిద్ర కాదు. మెలకువా కాదు. అలాంటి ముఖం అతను అంతకు ముందు చూశాడు, తన ఇంటి గుమ్మంలోనే చూశాడు. గట్టిగా అదిమాడు. లక్క చల్లారేదాకా వేలు తియ్యలేదు.

డప్పులు వచ్చాయి. చలివిడి, వడపప్పు, గాజులు, జాకెట్టు గుడ్డలు. ఆడవాళ్ళు వరసలో నిలబడి మొగుడి పేరు చెప్పి దండం పెట్టి పక్కకు జరిగేవాళ్ళు, కూర్చుంటే వెనకవాళ్ళు తోసేవాళ్ళు. సుబ్బాయమ్మ ఒక్కసారి వెళ్ళింది. వచ్చి చెంబు దించుతూ, "కళ్ళు తెరిపించేశారేంటండీ," అంది. కోపంగా కూడా అనలేదు. చెప్పినట్టే వాయనమిచ్చి నోము తీర్చుకుంది. మళ్ళీ ఎక్కడా కూర్చోలేదు. నీళ్ళ చెంబు ఆగలేదు, తాంబూలం ఆగలేదు, ఏదీ ఆగలేదు. ఆషాఢం ముసుర్లో జ్వరం తగిలి, దాన్ని కూడా ఓ పనిలా చేసుకుపోయింది. అమ్మవారు మహిమగల తల్లి. ఆయుష్షు ఇస్తానంది, ఇచ్చింది, ఇదిగో పట్టుకుని కూర్చున్నాడు. ఆ సన్యాసి ఆమెకు కూర్చోవడం నేర్పకపోతే, కూర్చోలేక ప్రాణం విడిచేది కాదు. లెక్క ఇంతే. తప్పు ఎవరిదో చిన్నపిల్లాడైనా చెబుతాడు.

"మామయ్యగారూ." అల్లుడు చంద్రరావు వచ్చి ఎదుట నిలబడ్డాడు. వంతెన సామాన్ల గిడ్డంగిలో గుమస్తా, ఉద్యోగం రాగానే పేరు చివరి ఆచారి తీసేసి రావు తగిలించుకున్నాడు. మంచివాడే. "నాకు దయ్యాల మీద నమ్మకం లేదండి. అమ్మ మాట కాదనలేక ఊరుకున్నానండి."

"ఊ." అని, ఈ ఊ ఆ ఊ కాదని చెయ్యి ఊపాడు.

"అందరిలా నేను ఆమెను వంటింటికి కట్టెయ్యలేదండి. చదువు చెబుతున్నాను, రాత్రి రెండు పేజీలు అప్పజెప్పాలి. జాకెట్లు కుట్టించాను. మా ఆఫీసువాళ్ళు వస్తే కాఫీ ఇచ్చి నాలుగు మాటలు మాట్లాడమంటాను. ఇంకేం లోటండి ఆడదానికి?"

"అవన్నీ ఎప్పుడు చేస్తుంది?"

"ఏంటండి?"

"మీ అమ్మగారి మడివంట అయ్యాకా, ముందా?"

చంద్రరావు నవ్వబోయి మానేశాడు. వీరబ్రహ్మం లేచి, పక్కసందు గుండా పెరటి గుమ్మం దాకా వెళ్ళాడు. పాతకాలం కోడలి చాకిరీ ఎవరూ తగ్గించలేదు, కొత్తకాలం భార్య చాకిరీ దాని మీద పేర్చారు, మీద పేర్చింది ప్రేమతోనే, అదీ నిజమే, అతని చెంబూ తాంబూలమూ మాత్రం ద్వేషంతో అడిగినవా? నూతి చప్టా మీద మాణిక్యం ఉంది. కాళ్ళు పక్కకు మడిచి, చేతులు ఒళ్ళో, అంట్లు తోమిన బూడిద ఇంకా మోచేతుల దాకా ఉంది. ఎదురుగా ఏమీ లేదు. దేవుడు లేడు, రాయి లేదు, పిడకలు కొట్టిన గోడ. అదీ చూడడం లేదు. రెప్పలు వాలి ఉన్నాయి. దీనికెవరు చెప్పారు? తల్లి చెప్పలేదు, దీనికి చెప్పే వయసు రాకముందే పోయింది. ఇటుకముక్కలతో ఆడుకుంటూ ఏం చూసిందో. దీనికి ఎవరు ఏ కళ్ళు పెట్టగలరు, గోడకా? గోడకు పెట్టలేరు కాబట్టి బరికె తెస్తున్నారు. నెల తప్పినప్పటి నుంచి చిక్కిపోయి, పిల్లాణ్ణి కని ఇంకా తేరుకోని ఒళ్ళు, చీరలో మనిషి ఉన్నట్టే లేదు. దాని మీద చింతబరికె. మిరపకాయ పొగ. ఆ పొగలో కళ్ళు తెరుస్తుంది, తప్పకుండా తెరుస్తుంది, అందరూ సంతోషిస్తారు. పిల్లను పిలుద్దామనుకున్నాడు. మాణిక్యం అని నోటిదాకా వచ్చింది. పిలిచి ఏం చెప్పాలి? అతనికి అలసట వచ్చింది, పడవ ప్రయాణపు అలసట కాదు, పట్టుకుని పట్టుకుని చెయ్యి తిమ్మిరెక్కినట్టు. వెనక్కి తిరిగి అరుగు మీదికి వచ్చేశాడు.

భీమరాజు వచ్చేశాడు. పొట్టిగా, నవ్వుముఖంతో, చెమటలు కక్కుతూ, చంకలో మూట. బరికెలు మూట బయటికి కనిపిస్తున్నాయి, పచ్చివి, ఇవాళ కోసినవే. "నమస్కారమండి. పిల్ల తండ్రిగారు తమరేనా? పెరట్లోనే ఉందా? భేష్. కంగారేం లేదండి, మన చెయ్యి తేలికండి. తమరు ఊ అనండి, పొద్దు వాలకముందే వదిలిస్తాను."

అప్పాయమ్మ ఉయ్యాల వదిలేసి వచ్చింది. చంద్రరావు చెప్పుల వైపు చూస్తూ నిలబడ్డాడు.

"దానికి దయ్యం లేదు," అన్నాడు వీరబ్రహ్మం. "వాళ్ళమ్మకీ లేదు."

"మరి వదినకు మీరేం చేశారు అన్నయ్యగారూ? అదేనండీ మీరొచ్చినప్పటి నుంచి నేనడిగేది."

ఏటి మీద సుత్తులు ఆగాయి. మనిషి నోరు తెరిచి ఆ మాట అనకుండా కూతుర్ని కాపాడే దారి ఇంకేదైనా ఉందేమోనని చివరిసారి వెతికాడు. లేదు.

"మాన్పించాం. మానింది. ఏడాది తిరక్కుండా పోయింది. నేను ఊ అనను. పిల్లాడికి తల్లి కావాలో వద్దో మీరే తేల్చుకోండి."

లోపల పిల్లాడు ఓసారి వెక్కి, తనంతటతనే ఊరుకున్నాడు. అందరికన్నా ముందు తేరుకున్నది భీమరాజే. మూట చంకలోంచి దించి, అరుగు చివర కూర్చుని, తలగుడ్డ విప్పి విసురుకున్నాడు. "పుట్టింటి మాట లేనిదే మనం ముట్టమండి. కాస్త మజ్జిగుంటే ఇప్పించండమ్మా, ఎండన పడొచ్చాను."

"మాణిక్..." అని అలవాటుగా పెరటివైపు కేకేయబోయిన అప్పాయమ్మ నోరు మధ్యలో ఆగింది. వియ్యంకుడి వైపు చూసింది. నడుము మీద చెయ్యి పెట్టుకుని, గొణుక్కుంటూ, మజ్జిగ కోసం తనే లోపలికి పోయింది.

ఇంకాసేపటికి మాణిక్యం వచ్చింది, చేతులు కడుక్కుని, పిల్లాణ్ణి భుజాన వేసుకుని. భీమరాజు అప్పటికే వెళ్ళిపోయాడు. అంతా విన్నదని ముఖం చూస్తే తెలుస్తోంది. తండ్రి పక్కన, కాస్త ఎడంగా, నేల మీద కూర్చుంది.

"నాన్నా, అమ్మ అక్కడ కూర్చుని ఏమనుకునేది?"

"నేనడగలేదు."

"ఎప్పుడూనా?"

అతను భుజం మీది కండువా తీసి దులిపి మళ్ళీ వేసుకున్నాడు. సాయంత్రం పడవకు ఇంకా వేళ ఉంది. అయినా లేచాడు.

"ఈ మాట ఇవాళ్టితో సరి. నువ్వడగొద్దు, ఇంకెవరు అడిగినా నేను చెప్పను."

తర్వాత అడిగినవాళ్ళున్నారు. అతను చెప్పలేదు.